ఉమ్మడి సరస్సు

పాఠ పరిచయం

నీరు ప్రాణాధారం. అజాగ్రత్తగా మెలగేవారికి ఆ నీరే ప్రాణాంతకం. పలు కుటుంబాలు కలిసి ఒక సరస్సును అనుభవిస్తున్నప్పుడు అందులో పడవ నడపడం ఒక్కరి వినోదానికి సంబంధించిన విషయం కాదు. అది అందరి క్షేమానికీ సంబంధించినది. అమెరికాలోని నివాస సరస్సులలో పాటించే పడవ నియమాలను, వాటి వెనుక ఉన్న కారణాలను ఈ పాఠం వివరిస్తుంది. నియమాన్ని భయంతో కాక అవగాహనతో పాటించే స్వభావాన్ని విద్యార్థులలో పెంపొందించడం దీని ఉద్దేశం.

పాఠ్యభాగం

అమెరికా రాజధాని వాషింగ్టన్ నగరానికి చేరువలో, వర్జీనియా రాష్ట్రంలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో బార్‌క్రాఫ్ట్ అనే సరస్సు ఉన్నది. దాని విస్తీర్ణం సుమారు 135 ఎకరాలు. చుట్టూ చెట్లు, చెట్ల నడుమ ఇళ్లు, ఇళ్ల ముందు చిన్న చిన్న రేవులు, రేవులకు కట్టిన పడవలు కనిపిస్తాయి. చూచేవారికి అది ప్రకృతి ప్రసాదించిన సరస్సుగానే తోస్తుంది. నిజానికి అది మానవ నిర్మితం. అలెగ్జాండ్రియా నగరానికి తాగునీరు అందించడానికి హోమ్స్ రన్ అనే వాగుపై 1915 నాటికి ఒక ఆనకట్టను నిర్మించగా ఏర్పడిన జలాశయమది. కాలక్రమంలో ఆకోక్వాన్ నదిపై మరింత పెద్ద జలాశయం సమకూరడంతో నగరానికి దీని అవసరం తీరిపోయింది. 1950వ దశకంలో ఒడ్డున ఉన్న భూములు ఇళ్ల స్థలాలుగా మారాయి. ఊరి దాహం తీర్చిన నీరు, ఇళ్లవారి విహారానికి నెలవైంది.

1972 జూన్‌లో ఆగ్నెస్ అనే తుపాను ఆ ప్రాంతాన్ని ముంచెత్తింది. వాగు పొంగి సరస్సులోకి వరద పోటెత్తింది. రాతికట్టడం నిలిచింది గాని, దాని పక్కనున్న మట్టికట్ట కోసుకుపోయింది. సరస్సు ఖాళీ అయింది. నీరు నిండి ఉన్నచోట బురద మిగిలింది. కిటికీ తెరిస్తే అలలు కనిపించే ఇళ్లకు, ఇప్పుడు ఎండుతున్న మేటలు కనిపించసాగాయి. అంతవరకు ఆ సరస్సు తమదని ప్రతి ఇంటివారూ అనుకున్నారు. ఆనకట్ట ఎవరిది, మరమ్మతు ఎవరు చేయాలి, ఖర్చు ఎవరు భరించాలి అనే ప్రశ్నలు ఎదురైనప్పుడు, అనుభవించే హక్కుతోపాటు కాపాడే బాధ్యత కూడా తమదేనని వారికి తెలిసివచ్చింది. 1973లో వారు రాష్ట్ర చట్టాన్ని అనుసరించి ఒక పరీవాహక అభివృద్ధి మండలిని ఏర్పరచుకొన్నారు. తమపై తామే పన్ను విధించుకొన్నారు. ఆనకట్టను బాగుచేయించి సరస్సును తిరిగి నింపుకొన్నారు. వాగు మోసుకువచ్చే ఒండ్రును తవ్వి తీయించడం ఆ మండలి పనులలో ఒకటి.

ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలోనే రెస్టన్ అనే పట్టణం ఉన్నది. రాబర్ట్ ఇ. సైమన్ అనే నిర్మాణదారు 1961లో భూమి కొని, 1964లో ఈ పట్టణానికి పునాది వేశారు. తన పేరులోని తొలి అక్షరాలతోనే ఆయన దానికి నామకరణం చేశారు. ఇళ్లు, అంగళ్లు, నడక దారులు, సరస్సులు అన్నీ ఒకే ప్రణాళికలో భాగాలుగా ఉండాలన్నది ఆయన ఆలోచన. ఆన్, థోరో, ఆడుబాన్, న్యూపోర్ట్ అనేవి అక్కడి సరస్సుల పేర్లు. నివాసుల సంఘం వీటిని నిర్వహిస్తుంది. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలోను, దాని పరిసరాలలోను నేడు తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడి ఉన్నాయి. అటువంటి సరస్సు ఒడ్డున ఇల్లు తీసుకొన్నవారికి ఇంటి తాళంచెవితోపాటు సరస్సు నియమావళి కూడా చేతికి వస్తుంది. అందులోని ప్రతి నియమానికీ ఒక కారణమున్నది.

మొదటిది యంత్రానికి సంబంధించిన నియమం. బార్‌క్రాఫ్ట్, రెస్టన్ సరస్సులలో పెట్రోలు యంత్రాలకు అనుమతి లేదు. తెడ్డు, తెరచాప, బ్యాటరీతో నడిచే విద్యుత్ మోటారు మాత్రమే వాడవలెను. పెట్రోలు యంత్రం నుండి జారే చమురు నీటిపై పొరగా పరుచుకొంటుంది. దాని రొద ఒడ్డునున్న ఇళ్లలో వినిపిస్తుంది. అన్నిటికన్న ముఖ్యమైనది కెరటాల సంగతి. వేగంగా పోయే పడవ తన వెనుక పెద్ద కెరటాలను లేపుతుంది. విశాలమైన నదిలో అవి దూరం పోయి అణగిపోతాయి. చిన్న సరస్సులో అవి అణగక ముందే ఒడ్డును తాకుతాయి. ఒడ్డు కోసుకుపోతుంది. కోసుకుపోయిన మట్టి అడుగున మేట వేస్తుంది. సరస్సు లోతు తగ్గుతుంది. ఒకరి ఒక్క పూట వేగం వల్ల కలిగిన నష్టాన్ని అందరూ పన్ను రూపంలో చెల్లించవలసి వస్తుంది.

విస్తీర్ణం ఎక్కువగా ఉన్న కొన్ని నివాస సరస్సులలో పెట్రోలు యంత్రాలను అనుమతిస్తారు. అటువంటి చోట్ల వేగ పరిమితులు ఉంటాయి. ఒడ్డుకు, రేవులకు, ఈదేవారికి నిర్ణీత దూరంలోకి వచ్చినప్పుడు కెరటం లేవనంత నిదానంగా నడపవలెను. పలుచోట్ల పడవలన్నీ గడియారపు ముల్లుకు ఎదురు దిశలో సరస్సును చుట్టిరావలెనన్న నియమమున్నది. అలా తిరిగే పడవకు ఒడ్డు ఎల్లప్పుడూ కుడివైపున ఉంటుంది. అందరూ ఒకే దిశలో సాగుతారు గనుక ఎదురెదురుగా వచ్చి ఢీకొనే ప్రమాదం తగ్గుతుంది. నీటిపై జారే క్రీడాకారుని తాడుతో లాగుకుపోయే పడవలో, నడిపేవాడు కాక వెనుకవైపు చూస్తూ ఉండే మరొక మనిషి ఉండవలెనని చాలా చోట్ల నియమం. ముందు చూచే కన్నులు వెనుక పడిపోయినవాణ్ణి చూడలేవు కదా!

రెండవది దారి ఇచ్చే పద్ధతి. నీటిపై తెల్లగీతలు లేవు, కూడలి దీపాలు లేవు, పోలీసు లేడు. అయినా పడవలు ఒకదాన్నొకటి తప్పించుకుపోవడానికి ప్రపంచమంతటా దాదాపు ఒకే విధమైన నియమాలున్నాయి. సముద్రంపై ఓడలు ఢీకొనకుండా 1972లో కుదిరిన అంతర్జాతీయ నిబంధనలు 1977లో అమలులోకి వచ్చాయి. అమెరికా లోతట్టు జలాలకు వేరే నియమావళి ఉన్నప్పటికీ మూలసూత్రాలు ఇవే. యంత్రంతో నడిచే రెండు పడవలు ఎదురెదురుగా వస్తే రెండూ కుడివైపుకు మళ్లవలెను. ఒకదాని దారిని మరొకటి అడ్డంగా దాటుతున్నప్పుడు, ఎదుటి పడవ ఎవరికి కుడివైపున కనిపిస్తుందో వారు దారి ఇవ్వవలెను. వెనుక నుండి దాటిపోయే పడవ ముందున్నదానికి ఇబ్బంది కలిగించక తప్పుకొని పోవలెను. యంత్రంతో నడిచేది తెరచాప పడవకు దారి ఇవ్వవలెను. గాలిపై ఆధారపడినదానికి మళ్లే స్వేచ్ఛ తక్కువ. స్వేచ్ఛ ఎక్కువ ఉన్నవాడే తగ్గవలెనన్న న్యాయం ఇందులో ఉన్నది.

భారతదేశంలో రోడ్డుపై ఎడమవైపున వాహనం నడిపే అలవాటు ఉన్నవారు ఈ విషయంలో ప్రత్యేక శ్రద్ధ వహించవలెను. ఎదురుగా పడవ వచ్చినప్పుడు చెయ్యి తనంత తానుగా చుక్కానిని ఎడమకు తిప్పవచ్చును. నీటిపై ఆ అలవాటు ప్రమాదకరం.

సూర్యాస్తమయం నుండి సూర్యోదయం వరకు యంత్రపు పడవలకు దీపాలు అత్యవసరం. పడవ ఎడమ పక్కన ఎరుపు, కుడి పక్కన ఆకుపచ్చ, వెనుక తెలుపు దీపం ఉంటాయి. వాటి అమరికలో ఒక చమత్కారమున్నది. తన కుడివైపు నుండి వచ్చి దారిని దాటే పడవ యొక్క ఎడమ పార్శ్వమే నడిపేవానికి కనిపిస్తుంది. అంటే అతనికి ఎర్రదీపం కనిపిస్తుంది, అతడే ఆగవలసినవాడు. ఎదుటి పడవలోనివానికి ఇతని ఆకుపచ్చ దీపం కనిపిస్తుంది. అతడు ముందుకు సాగవచ్చును. ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఒక్కసారే కనిపించాయంటే ఆ పడవ నేరుగా ఎదురు వస్తున్నదని అర్థం. చీకటిలో మాటలు వినిపించని దూరంలో దీపాలే మాట్లాడుతాయి.

మూడవది, అన్నిటికన్న ముఖ్యమైనది, లైఫ్ జాకెట్ నియమం. అమెరికా తీర రక్షక దళం వెల్లడించిన లెక్కల ప్రకారం 2023లో ఆ దేశంలో విహార పడవల ప్రమాదాలలో 564 మంది మరణించారు. మరణ కారణం తెలిసినవారిలో నూటికి 75 మంది నీట మునిగి చనిపోయినవారే. అలా మునిగినవారిలో నూటికి 87 మంది లైఫ్ జాకెట్ తొడుక్కోలేదు. పడవలో లైఫ్ జాకెట్ ఉండడం వేరు, ఒంటిపై ఉండడం వేరు. పడవ తలకిందులైన క్షణంలో బల్ల కింద ఉన్న జాకెట్‌ను వెదికి తొడుక్కొనే వ్యవధి ఉండదు. ఆ దళం నిబంధన ప్రకారం, రాష్ట్ర చట్టం వేరుగా నిర్దేశించని చోట, 13 ఏళ్లలోపు పిల్లలు కదులుతున్న పడవపై బయట ఉన్నంతసేపు జాకెట్ ధరించే ఉండవలెను. తల్లిదండ్రులు తామూ ధరించినప్పుడే పిల్లలకు ఆ మాట చెవికెక్కుతుంది.

"నాకు ఈత వచ్చును, నాకు జాకెట్ ఎందుకు?" అనేవారు ఉంటారు. వసంతకాలంలో ఎండ కాస్తున్నా సరస్సు నీరు మంచువలె చల్లగా ఉంటుంది. అటువంటి నీటిలో హఠాత్తుగా పడిన మనిషికి ఊపిరి ఎగపోస్తుంది. కెనడా దేశపు శాస్త్రజ్ఞుడు గార్డన్ గీస్‌బ్రెక్ట్ దీనిని ఒకటి, పది, ఒకటి అనే అంకెలతో గుర్తుంచుకొమ్మని బోధించారు. మొదటి ఒక నిమిషం ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడానికి. తరువాతి పది నిమిషాలు కాళ్లూ చేతులూ మాట వినే సమయం. శరీరపు వేడి తగ్గి స్పృహ తప్పడానికి దాదాపు ఒక గంట. ఎంతటి ఈతగానికైనా ఆ పది నిమిషాల తరువాత చేతులు కదలవు. ఆ తరువాత తల నీటిపై ఉండాలంటే జాకెట్టే ఆధారం.

ఈ సత్యం తెలుగువారికి కొత్తది కాదు. 2019 సెప్టెంబరు 15న తూర్పుగోదావరి జిల్లా దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద గోదావరి వరదలో పర్యాటకుల పడవ మునిగిపోయి సుమారు యాభైమంది మృత్యువాత పడ్డారు. నీటిపై తేలుతున్నవారిని సమీప గ్రామస్థులు తమ నాటుపడవలలో వెళ్లి కాపాడారు. నది వేరు, సరస్సు వేరు. కాని మునిగే మనిషికి నీరంతా ఒక్కటే.

లైఫ్ జాకెట్‌తో ముడిపడిన నియమాలు మరికొన్ని ఉన్నాయి. చిన్న యంత్రపు పడవకు ఎంతమంది ఎక్కవచ్చునో, ఎంత బరువు మోయగలదో తెలిపే పలక బిగించి ఉంటుంది. చుట్టాలు వచ్చారని ఆ పరిమితి పెరగదు. మద్యం సేవించి పడవ నడపడం నేరం. ఎండ, గాలి, అలల ఊపు కలిసి పడవపై మత్తును మరింత తీవ్రం చేస్తాయి. విద్యుత్ తీగలు అమర్చిన రేవుల చెంత ఈదరాదు. తీగలో లోపముంటే కరెంటు నీటిలోకి పాకి, ఈదేవాని కండరాలను బిగబట్టి ముంచివేయగలదు. నీటికి రంగు మారదు గనుక ఆ ప్రమాదం కంటికి కనిపించదు.

నాలుగవది శుభ్రతకు సంబంధించిన నియమం. ఒక సరస్సులో తిరిగిన పడవను మరొక సరస్సులో దింపడానికి ముందు కడిగి, లోపలి నీటిని వంచి, పూర్తిగా ఆరబెట్టవలెను. దీనికి కారణం చిటికెనవేలి గోరంత ఆలుచిప్ప. దానిపై ఉన్న చారలను బట్టి జీబ్రా ఆలుచిప్ప అని పేరు. కాస్పియన్, నల్ల సముద్రాల ప్రాంతానికి చెందిన ఈ జీవి ఓడల అడుగుతొట్లలోని నీటితో ఖండాంతరాలు దాటి, 1988లో ఉత్తర అమెరికాలోని సెయింట్ క్లేర్ సరస్సులో కనిపించింది. అక్కడినుండి అనేక జలాశయాలకు వ్యాపించింది. రాళ్లకు, రేవులకు, నీటి గొట్టాలకు గుంపులుగా అంటుకొని, చేపపిల్లలకు ఆధారమైన సూక్ష్మజీవులను అది వడగట్టి తినివేస్తుంది. దాని పిల్లలు కంటికి ఆనవు. పడవ అడుగున మిగిలిన గ్లాసెడు నీరు చాలు, అవి కొత్త సరస్సుకు చేరడానికి. ఒకసారి స్థిరపడితే వాటిని తొలగించడం దాదాపు అసాధ్యం. అందువల్లనే పడవకు పేరు నమోదు, గుర్తుచీటీ, తనిఖీ అవసరమయ్యాయి. అతిథి తెచ్చిన పడవను నిరాకరించడం మర్యాద లోపం కాదు. సరస్సు పట్ల మర్యాద.

"నా ఇల్లు, నా పడవ, నా ఇష్టం" అనే మాట అప్పుడప్పుడు వినిపిస్తుంది. ఇల్లు అతనిదే, పడవ అతనిదే. నీరు మాత్రం అతనిది కాదు. అలాగని నియమం పేరుతో సంఘం పెద్దలు పెత్తనం చెలాయించడమూ తగదు. ఎలినార్ ఆస్ట్రోమ్ అనే అమెరికా పండితురాలు చెరువులు, కాలువలు, చేపలరేవులు, పచ్చికబయళ్లు వంటి ఉమ్మడి వనరులను ప్రజలు ఎలా కాపాడుకొంటున్నారో పరిశీలించి 1990లో ఒక గ్రంథం ప్రచురించారు. 2009లో ఆమెకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆ శాస్త్రంలో ఈ బహుమతి పొందిన తొలి మహిళ ఆమె. ఉమ్మడి వనరును అనుభవించేవారే నియమాల రూపకల్పనలో పాలుపంచుకోవలెనని, వారిలోనివారే కావలి కాయవలెనని, తప్పు చేసినవానికి మొదట చిన్న దండన, మళ్లీ చేస్తే పెద్ద దండన ఉండవలెనని, తగవులు త్వరగా తీర్చే చోటు ఒకటి ఉండవలెనని ఆమె పరిశోధన సారం. సరస్సు నియమావళికి ఇంతకన్న మంచి గీటురాయి లేదు. సంఘం అధ్యక్షుని పడవకు ఒక న్యాయం, కొత్తగా వచ్చినవాని పడవకు ఒక న్యాయం ఉన్నచోట నియమం కాగితానికే పరిమితమవుతుంది.

ఈ వివేకం తెలుగు నేలకు పరాయిది కాదు. కాకతీయుల కాలపు రామప్ప, పాఖాల, లక్నవరం చెరువులు నేటికీ నిలిచి ఉన్నాయి. ఊరి చెరువు తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ పొలానికి ఎంత నీరు వదలాలి అనే విషయాలు చూచే నీరటి ఒకప్పుడు ఊరూరా ఉండేవాడు. కట్టకు గండి పడితే ఊరంతా పలుగు, పార పట్టుకొని పరుగెత్తేది. కట్ట తెగితే మునిగేది ఒక్కరి పొలం కాదని వారికి తెలుసు. బార్‌క్రాఫ్ట్ నివాసులు 1972లో నేర్చుకొన్న పాఠమూ అదే. సరస్సును నింపేది వాన. నిలిపేది మనుషుల కట్టుబాటు.

కఠిన పదాలు – అర్థాలు

నెలవు = స్థానం, నివాసం
ఒండ్రు = ప్రవాహం మోసుకువచ్చే మెత్తని మట్టి
మేట = నీరు తెచ్చి కుప్పవేసిన ఇసుక లేదా మట్టి
పరీవాహక ప్రాంతం = నదికి లేదా చెరువుకు నీరు వచ్చి చేరే నేల
చుక్కాని = పడవ దిశను మార్చే సాధనం
తెరచాప = గాలితో పడవ నడవడానికి కట్టే గుడ్డ
పార్శ్వం = పక్క
తూము = చెరువు నీరు బయటికి వదిలే మార్గం
గీటురాయి = మంచిచెడ్డలు తేల్చే ప్రమాణం
కట్టుబాటు = అందరూ అంగీకరించి పాటించే నియమం

అభ్యాసం

అ) ఈ కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. లైఫ్ జాకెట్ ధరించవలసిన ఆవశ్యకతను పాఠం ఆధారంగా వివరించండి.
2. "నా ఇల్లు, నా పడవ, నా ఇష్టం" అనే వాదాన్ని పాఠం ఏ విధంగా ఖండించింది? అదే సందర్భంలో సంఘం పెద్దలకు చేసిన హెచ్చరిక ఏమిటి?

ఆ) సంగ్రహ సమాధానాలు రాయండి.
1. బార్‌క్రాఫ్ట్ సరస్సు 1972లో ఎలా ఖాళీ అయింది? నివాసులు ఏమి చేశారు?
2. చిన్న సరస్సులో కెరటాల వల్ల కలిగే నష్టం ఏమిటి?
3. రాత్రివేళ పడవ దీపాలు ఏ విధంగా దారి చూపుతాయి?
4. పడవను కడిగి ఆరబెట్టవలెనన్న నియమం ఎందుకు ఏర్పడింది?

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. రెస్టన్ పట్టణానికి ఆ పేరు ఎలా వచ్చింది?
2. ఎదురెదురుగా వచ్చే యంత్రపు పడవలు ఎటు మళ్లవలెను?
3. ఎలినార్ ఆస్ట్రోమ్‌కు నోబెల్ బహుమతి ఏ సంవత్సరంలో లభించింది?

ఈ) సంధులు
జలాశయం = జల + ఆశయం – సవర్ణదీర్ఘ సంధి
సూర్యోదయం = సూర్య + ఉదయం – గుణ సంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి
ఊరంతా = ఊరు + అంతా – ఉత్వ సంధి

ఉ) సమాసాలు
తల్లిదండ్రులు – తల్లియును, తండ్రియును – ద్వంద్వ సమాసం
చేపపిల్లలు – చేప యొక్క పిల్లలు – షష్ఠీ తత్పురుష సమాసం
ఉమ్మడి వనరు – ఉమ్మడి అయిన వనరు – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

ఊ) ప్రాజెక్టు పని
మీ ఊరి చెరువును గాని, సమీపంలోని జలాశయాన్ని గాని సందర్శించండి. అక్కడ పడవలు నడుస్తుంటే ఏ నియమాలు పాటిస్తున్నారో, ఏవి పాటించడం లేదో గమనించి ఒక నివేదిక రాయండి.